నలుగురు ఏమనుకుంటారు?
వివాహ సమానత్వ ఉద్యమాల్లో ప్రజాభిప్రాయ పరిశోధన - ఒక పరిశీలన

"ప్రజలు ఒప్పుకోరు" అనే మాటకు మన సంఘ సంస్కరణ చరిత్రలో చాలా పెద్ద పాత్ర ఉంది. వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేస్తామంటే ప్రజలు ఒప్పుకోరన్నారు. పసిపిల్లను ముసలివాడికి అమ్మవద్దంటే ప్రజలు ఒప్పుకోరన్నారు. కులం దాటి పెళ్ళాడేవారికి ఈనాటికీ అదే జవాబు. అయితే ఈ మాట అన్నవాళ్ళు ఆ ప్రజలను ఎప్పుడు అడిగారు? ఎంతమందిని అడిగారు? ఏ మాటలతో అడిగారు? ఈ ప్రశ్నలు మనం వేయవలసినంతగా వేయలేదు.

ఈ ప్రశ్నలు మళ్ళీ ముందుకు రావడానికి కారణం 2023లో సుప్రీంకోర్టు విన్న వివాహ సమానత్వం కేసు. ఒకే లింగానికి చెందిన ఇద్దరి వివాహాన్ని చట్టం గుర్తించాలని కోరిన ఆ కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. ఇద్దరూ హైదరాబాదు నివాసులు. విచారణలో న్యాయశాస్త్రంతోపాటు ప్రజాభిప్రాయం కూడా సాక్షిగా బోనెక్కింది. ఇది నగరాల్లోని ఉన్నత వర్గాల కోరిక మాత్రమేనని కేంద్ర ప్రభుత్వం తన అఫిడవిట్‌లో అన్నది. దేశ ప్రజల్లో 99.9 శాతం కంటే ఎక్కువమంది దీన్ని వ్యతిరేకిస్తున్నారని ఏప్రిల్ నెలలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక తీర్మానంలో ప్రకటించింది. కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరితే, వివిధ మతాల పెద్దలను సంప్రదించామనీ, వారంతా కాదన్నారు గనుక తామూ వ్యతిరేకమేననీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జవాబిచ్చింది. అదే సంవత్సరం అమెరికాకు చెందిన ప్యూ పరిశోధనా సంస్థ భారతదేశంలో ఇంటింటికీ వెళ్ళి అడిగితే 53 శాతం అనుకూలమన్నారు, 43 శాతం వ్యతిరేకమన్నారు.

ఒకే దేశం, ఒకే ఏడాది, ఒకే విషయం. ఒక లెక్క ప్రకారం అనుకూలురు వెయ్యికి ఒక్కరు కూడా లేరు. మరో లెక్క ప్రకారం సగం మందికి పైగా ఉన్నారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. సాహిత్యకారులు పట్టించుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. ప్రజల పేరుతో మాట్లాడే హక్కు ఎవరిది? ప్రజల మనసు ఫలానా అని తెలుసుకునే పద్ధతి ఏది?

ఇది మన ప్రాంతానికి కొత్త తగాదా కాదు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు పుట్టింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు ఆవేశంతో కాక లెక్కతో సమాధానం చెప్పాడు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. లేరన్నవారు వెతకలేదు, వెతికినవాడికి దొరికారు. ప్రజాభిప్రాయ పరిశోధన మూలసూత్రం కూడా ఇంతే.

1. మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునంటారు. నమూనా సర్వే వెనుక ఉన్న తర్కం ఇదే. కోట్లమందిని అడగనక్కర లేదు. సరిగా ఎంచిన వెయ్యి మంది చెప్పినదానికీ మొత్తం జనం అభిప్రాయానికీ మధ్య తేడా సాధారణంగా మూడు శాతం అటూ ఇటూగా ఉంటుంది. నాలుగు వందల మందిని అడిగితే ఆ తేడా ఐదు శాతానికి పెరుగుతుంది. తేడాను సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి.

అయితే ఒక్క మెతుకు చాలుననే మాటలో చెప్పకుండా వదిలేసిన షరతు ఒకటి ఉంది. గిన్నెలో అన్నమంతా ఒకే సెగ మీద ఉడికి ఉండాలి. సమాజం అలాంటి గిన్నె కాదు. అడుగున మాడిపోయిన అన్నమూ, పైన పలుకుగా మిగిలిన అన్నమూ ఒకే పాత్రలో ఉంటాయి. అందుకే గిన్నెలో ప్రతి మెతుక్కూ చేతికి వచ్చే అవకాశం ఉండేలా ఎంపిక జరగాలి. మతపెద్దలను మాత్రమే సంప్రదించడం పై మెతుకును పట్టి చూడటం. ఆ జవాబు మతపెద్దల అభిప్రాయాన్ని చెబుతుంది. వారి మాట వినేవారి అభిప్రాయాన్ని చెప్పదు.

మంచి సర్వేలకు కూడా చిక్కులున్నాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 35 లక్షలు. తెలంగాణ మొత్తంలో పదో వంతు. రాష్ట్రమంతటా వెయ్యి మందిని అడిగిన సర్వేలో నల్లగొండ వాటాకు వంద మంది వస్తారు. వంద మంది మీద లెక్క పది శాతం అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి రాష్ట్ర సర్వేను చూపి "నల్లగొండ ప్రజలు ఇలా అనుకుంటున్నారు" అని రాసే వార్తను అనుమానించాలి.

పాలమూరు చిక్కు వేరు. మనదేశంలో చాలా సర్వేలకు ఓటర్ల జాబితా ఆధారం. జాబితాలో పేరుంటుంది, మనిషి ముంబైలోనో పుణెలోనో కట్టడం పనిమీద ఉంటాడు. తలుపు తట్టినప్పుడు ఇంట్లో దొరికేది ముసలివాళ్ళు. పెళ్ళీడు పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, అంటే వివాహం గురించి తప్పక అడగవలసినవాళ్ళే ఊళ్ళో ఉండరు. వలస కూలీ అభిప్రాయాన్ని వదిలేసిన లెక్క పాలమూరు అభిప్రాయం ఎలా అవుతుంది?

2. ప్రశ్నలోనే సగం జవాబు

ఎవరిని అడగాలన్నది గణితం సమస్య. ఏ మాటలతో అడగాలన్నది భాష సమస్య. సాహిత్య విద్యార్థి ఈ రెండోదానిలో పరిశోధకుడికి గురువు కాగలడు.

"స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేయడాన్ని మీరు సమర్థిస్తారా, వ్యతిరేకిస్తారా?" ఇది ఇంగ్లీషులో పుట్టి తెలుగు లిపిలోకి దిగిన ప్రశ్న. దేవరకొండ దగ్గర ఒక తండాలోనో, మక్తల్ దగ్గర ఒక పల్లెలోనో పెళ్ళిని లగ్గం అంటారు. లగ్గమంటే చుట్టాలు, పెట్టుపోతలు, పందిరి, ఊరి భోజనం. చట్టం గుర్తించే వివాహమంటే ఆస్తి వారసత్వం, పింఛను, ఆసుపత్రిలో సంతకం పెట్టే హక్కు. ప్రశ్న రెండోదాని గురించి అడిగితే జవాబు చెప్పే మనిషి మొదటిదాన్ని ఊహించుకుంటుంది. "మా ఊళ్ళో అట్ల లగ్గం చెయ్యరు" అన్న మాట వ్యతిరేకత కింద నమోదవుతుంది. ఆమెనే "ఇద్దరు ఆడపిల్లలు ఒకరికొకరు తోడుగా బతుకుతున్నరు, ఒకామె చనిపోతే ఆ ఇల్లు రెండో ఆమెకు దక్కాల్నా, ఎల్లగొట్టిన చుట్టాలకు దక్కాల్నా?" అని అడిగితే జవాబు వేరుగా రావచ్చు. రెండో ప్రశ్న మొదటిదానికంటే సత్యమని నేను అనడం లేదు. ఆ ప్రశ్న కూడా "ఎల్లగొట్టిన" అన్న ఒక్క మాటతో జవాబును ఒక వైపు తోస్తోంది. నిష్పక్షపాతమైన ప్రశ్న రాయడం మంచి కథ రాసినంత కష్టమని చెప్పడమే నా ఉద్దేశం.

అడిగే చోటు కూడా జవాబును మారుస్తుంది. పల్లెలో సర్వే జరిగేది వాకిట్లో. కోడలిని అడుగుతుంటే అత్త గడపలో నిలబడుతుంది. వాడకట్టు పిల్లలు చుట్టూ మూగుతారు. అడిగేవాడి ఇంటిపేరును బట్టి కులం పోల్చుకోవడానికి మనవాళ్ళకు ఎంతోసేపు పట్టదు. ఆ వాకిట్లో వచ్చిన జవాబు ఆమె అభిప్రాయమా, అత్త ముందు చెప్పదగిన మాటా?

ఈ ఇబ్బందిని దాటడానికి పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. దాన్ని జాబితా పద్ధతి అనవచ్చు. ఊహకు ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఊళ్ళో సగం మందికి నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తారు: బస్సు చార్జీలు పెరిగితే కోపం వస్తుంది, బెల్టు షాపులు మూయాలి, అలాంటివి. వీటిలో ఎన్నింటితో ఏకీభవిస్తారో సంఖ్య మాత్రమే చెప్పమంటారు. ఏవేవో చెప్పనక్కర లేదు. మిగతా సగం మందికి అవే నాలుగు వాక్యాలకు తోడు ఐదోది కలుపుతారు: "కులం దాటి పెళ్ళి చేసుకున్న బిడ్డను ఇంట్లోకి రానివ్వకూడదు." రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఆ ఐదో వాక్యానికి ఎంతమంది తలూపారో చెబుతుంది. ఒక్క మనిషి కూడా నోరు విప్పి చెప్పలేదు. అయినా ఊరి మనసు తెలిసింది.

ఈ పద్ధతులు తెలిస్తే అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం అలవాటవుతుంది. ప్యూ సంస్థ 2019-20లో దేశవ్యాప్తంగా దాదాపు 30 వేల మందిని అడిగితే, తమవాళ్ళలోని స్త్రీలు వేరే కులంలో పెళ్ళి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం చెప్పారు. పురుషుల విషయంలో 62 శాతం అదే మాటన్నారు. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు సుమారు ఐదు శాతం. ఇదే దేశంలో 2023లో 53 శాతం మంది స్వలింగ వివాహ చట్టానికి సరేనన్నారు. ఇది వైరుధ్యంగా కనిపిస్తుంది. కానీ ప్రశ్నలు చూడండి. ఒకటి ఎక్కడో ఉన్న, ముఖం తెలియని జంటకు చట్టం అనుమతి ఇవ్వవచ్చునా అని అడిగింది. మరొకటి "మన" వాళ్ళ ఆడపిల్ల గురించి అడిగింది. దూరపు స్వేచ్ఛకు తలూపే మనిషి గడప దగ్గరికొచ్చేసరికి కర్ర పట్టుకుంటాడు. ఆస్తి, కులం, స్త్రీ మీద అధికారం, ఈ మూడూ కలిసి ఉండే చోటు గడప కాబట్టి.

3. ఓటమి నేర్పిన పాఠం

ప్రజాభిప్రాయ పరిశోధనను వివాహ సమానత్వ ఉద్యమాలు ఆయుధంగా మలచుకున్నది అమెరికాలో. అక్కడ ఒక్కొక్క రాష్ట్రంలో ఈ హక్కును ఓటుకు పెట్టారు. ఉద్యమం వరసగా ఓడిపోయింది. 2008 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 52 శాతం మెజారిటీతో, అప్పటికే కోర్టు ద్వారా వచ్చిన హక్కును రద్దు చేశారు. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోనూ అదే జరిగింది.

ఓడినవారు కారణం వెతికారు. మధ్యస్థంగా ఊగిసలాడే ఓటర్లను పరిశోధకులు రెండు ప్రశ్నలు అడిగారు. "మీలాంటి వాళ్ళు పెళ్ళెందుకు చేసుకుంటారు?" జవాబు: ప్రేమకోసం, జీవితాంతం తోడుకోసం. "ఆ జంటలు ఎందుకు చేసుకోవాలనుకుంటున్నాయి?" జవాబు: హక్కులకోసం, ప్రయోజనాలకోసం, లేదా, తెలియదు. ఈ రెండో జవాబు ఎక్కడినుంచి వచ్చింది? ఉద్యమం కరపత్రాల నుంచే. పన్ను రాయితీ, బీమా, వారసత్వం అంటూ ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది వాళ్ళే. నిజాలే చెప్పారు. అయితే ఆ నిజాలు వినేవాడికి "వీళ్ళకు పెళ్ళంటే మనకున్న అర్థం లేదు" అన్న సందేశాన్ని చేరవేశాయి.

ఆ తర్వాత ప్రచారం మారింది. ప్రేమ, బాధ్యత, మాట నిలబెట్టుకోవడం ముందుకు వచ్చాయి. చెప్పేవాళ్ళూ మారారు. లాయర్ల స్థానంలో తల్లులు, తాతలు, పాస్టర్లు మాట్లాడారు. ముఖ్యంగా, మొదట వ్యతిరేకించి తర్వాత మనసు మార్చుకున్నవారు తాము ఎలా మారారో చెప్పారు. 2012 నవంబరులో మెయిన్, మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉద్యమం ఓటులో గెలిచింది. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటికీ ఈ హక్కును వర్తింపజేసింది. గాలప్ సంస్థ లెక్కల్లో 1996లో 27 శాతంగా ఉన్న మద్దతు 2015 నాటికి 60 శాతం.

ఐర్లండు 2015 మే 22న రెఫరెండం జరిపింది. కాథలిక్ మతం బలంగా ఉన్న దేశం. అక్కడి కార్యకర్తలు "నేను ఔనని ఓటేస్తున్నాను, ఎందుకో అడగండి" అనే అర్థం వచ్చే బిళ్ళలు చొక్కాలకు పెట్టుకుని తిరిగారు. ఉపన్యాసం ఇవ్వకుండా ఎదుటివాడి ప్రశ్నకోసం ఎదురు చూశారు. 62 శాతం ఔనన్నారు. 43 నియోజకవర్గాల్లో ఒక్కటి తప్ప అన్నీ గెలిచాయి. ఇది నగరాల గోల మాత్రమే అన్న వాదానికి ఆ దేశపు పల్లెలు చెప్పిన జవాబు అది.

అయితే ఈ విజయానికి ఒక ధర కూడా ఉంది. మధ్యస్థుడైన ఓటరు ఏ ముఖాన్ని చూస్తే బెదరడో ఆ ముఖాన్నే ప్రచారం ఎన్నుకుంటుంది. చదువుకున్న, కుదురైన ఉద్యోగమున్న, సంప్రదాయంగా కనిపించే జంట తెరమీదికి వస్తుంది. పేదవాళ్ళు, హిజ్రాలు, పెళ్ళే వద్దనుకునేవాళ్ళు తెరవెనక్కి పోతారు. కొన్ని ప్రచార చిత్రాల్లో అసలు ఆ జంటలే కనిపించలేదు. వారి తల్లిదండ్రులు మాత్రమే మాట్లాడారు. ప్రజల మనసు మార్చడానికి బయలుదేరిన ప్రచారం ప్రజల మనసుకు తగ్గట్టు తన మనుషులనే కోసి కుట్టుకోవడం ఇది. అభ్యుదయ రచయితలకు ఈ ప్రమాదం పరిచితమే. పాఠకుడి సానుభూతి కోసం పేదవాడిని సచ్ఛీలుడిగానే చిత్రించి, అతని కోపాన్ని తుడిచేసిన కథలు మనమూ రాశాం.

4. అబద్ధపు లెక్క, నిజమైన లెక్క

ఈ చరిత్రలో ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన ఘట్టం ఒకటుంది. కాలిఫోర్నియా ఓటమి తర్వాత లాస్ ఏంజిలిస్ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదుటివారి అనుభవాలు అడిగి, తమవి చెప్పే సంభాషణా పద్ధతిని రూపొందించారు. ఒక్క చిన్న సంభాషణతో మనసులు మారుతున్నాయనీ, ఆ మార్పు నెలల తరబడి నిలుస్తోందనీ 2014 డిసెంబరులో ప్రసిద్ధ శాస్త్ర పత్రిక సైన్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు యువ పరిశోధకులు అదే పద్ధతిలో తామూ పరిశోధన చేయబోయి, ఆ అంకెల్లో అసహజత్వం గమనించారు. సర్వే చేసిందని చెప్పిన సంస్థ ఆ పని చేయనే లేదని తేలింది. 2015 మేలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది.

ఇక్కడితో ఆగితే ఇది మోసం కథ. కానీ ఆ ఇద్దరూ మయామీలో తమ పరిశోధన పూర్తి చేశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల ద్వేషం గురించి 501 మంది ఓటర్ల మీద జరిపిన ఆ ప్రయోగం 2016లో అదే పత్రికలో వెలువడింది. సుమారు పది నిమిషాల సంభాషణ ద్వేషాన్ని తగ్గించగలదనీ, ఆ ప్రభావం కనీసం మూడు నెలలు ఉంటుందనీ నిజమైన లెక్కలతోనే తేలింది. తప్పును బయటపెట్టినవాళ్ళే సత్యాన్ని నిలబెట్టారు. మన పక్షానికి అనుకూలంగా ఉంది కదా అని అంకెను నమ్మడం, ప్రతికూలంగా ఉంది కదా అని తోసిపుచ్చడం, రెండూ ఒకే జాతి తప్పులు. 99.9ని ప్రశ్నించే హక్కు మనకు ఉండాలంటే 53ను కూడా అదే కఠినత్వంతో ప్రశ్నించాలి.

5. మిర్యాలగూడ

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377 భాగాన్ని కొట్టివేసింది. వ్యక్తి ఎంపికే ప్రధానమన్నది. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుణ్ణి గర్భవతి అయిన భార్య ఎదుటే ఆసుపత్రి బయట నరికి చంపారు. వైశ్య కులానికి చెందిన ఆమె తండ్రి కిరాయి ఇచ్చి చేయించిన హత్య అది. కులాంతర జంటలకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో అదే సంవత్సరం మార్చి 27న ఆదేశాలిచ్చి అప్పటికి ఆరు నెలలైనా నిండలేదు. ప్రధాన నిందితుడు 2020లో మరణించాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ తీర్పుకు రెండు నెలల ముందే, జనవరిలో, పక్కనే ఉన్న సూర్యాపేటలో కులాంతర వివాహం చేసుకున్న మరో దళిత యువకుడు హతుడయ్యాడు.

ప్రజాభిప్రాయాన్ని పరిశీలించేవారు ఆ హత్య తర్వాత జరిగినదాన్ని తప్పక చదవాలి. న్యాయం కోరుతూ వేలాది మంది కదిలారు. తండ్రి పక్షాన మాట్లాడినవారూ తక్కువ కాదు. వాళ్ళు హత్యను సమర్థిస్తున్నామని అనలేదు. "కన్నప్రేమ" అన్నారు. "తల్లిదండ్రుల బాధ" అన్నారు. కాలిఫోర్నియాలో వ్యతిరేక ప్రచారం కూడా సరిగ్గా ఈ తలుపే తట్టింది. బడినుంచి వచ్చిన చిన్నపిల్ల, రాకుమారుడు రాకుమారుణ్ణి పెళ్ళాడవచ్చునట అని తల్లికి చెప్పే ప్రకటన అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులను బెదరగొట్టింది. ఆధిపత్యానికి ఎప్పుడూ ముసుగు కావాలి. అన్నిటికంటే మెత్తటి ముసుగు బిడ్డల మీద ప్రేమ.

పేరు పెట్టడం కూడా ఇందులో భాగమే. "పరువు హత్య" అన్నప్పుడు చంపినవాడికి పరువు ఉన్నట్టూ, అది పోయినట్టూ మనమే ఒప్పుకుంటున్నాం. దళిత, వామపక్ష సంఘాలు "కుల దురహంకార హత్య" అనే మాటను పట్టుబట్టి వాడటానికి కారణం అదే. సర్వే ప్రశ్నలో మొదటి మాట పెడితే ఒక జవాబు వస్తుంది. రెండో మాట పెడితే మరొకటి వస్తుంది.

6. నలుగురు అంటే ఎవరు?

తెలుగులో ప్రజాభిప్రాయానికి అసలైన పేరు "నలుగురు." నలుగురు ఏమనుకుంటారు, నలుగురిలో తలెత్తుకోవద్దా, నలుగురు నడిచే దారి. తమాషా ఏమిటంటే, "నాకైతే అభ్యంతరం లేదు, నలుగురేమంటారోనని" అని ఆ నలుగురిలో ప్రతి ఒక్కరూ అంటారు. అందరూ మిగతా ముగ్గురికి భయపడతారు.

ఈ స్థితిని సమాజశాస్త్రం ఒక పరస్పర భ్రమగా గుర్తించింది. సౌదీ అరేబియాలోని రియాద్‌లో ఆర్థికవేత్త లియొనార్డో బుర్‌స్టిన్ బృందం జరిపిన పరిశోధన దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. భార్యలు బయట ఉద్యోగం చేయడం సరైనదేనని భర్తల్లో ఎక్కువమంది లోలోపల భావించారు. కానీ ఇతరులు ఒప్పుకోరని అనుకున్నారు. ఇరుగుపొరుగు కూడా తమలాగే ఆలోచిస్తున్నారన్న అసలు లెక్క చెప్పగానే, భార్యల పేర్లను ఉద్యోగ సేవలో నమోదు చేయించినవారు పెరిగారు. వాళ్ళకు కొత్త ఆదర్శం ఏదీ బోధించలేదు. నలుగురి గురించి నిజం చెప్పారు, అంతే.

నల్లగొండలో, పాలమూరులో ఈ పరిశోధన జరగవలసిన పద్ధతి ఇదని నాకు తోస్తుంది. "మీరు ఒప్పుకుంటారా?" అనే ఒక్క ప్రశ్నతో ఆగకుండా మరో రెండు అడగాలి. "మీ వాడకట్టులో ఎంతమంది ఒప్పుకుంటారని అనుకుంటున్నారు?" "ఒప్పుకోకపోతే అడ్డుపడతారా, మాట్లాడకుండా ఊరుకుంటారా?" ఇష్టపడకపోవడానికీ అడ్డుపడటానికీ మధ్య ఉన్న దూరంలోనే ఒక జంట ప్రాణం ఉంటుంది.

మన చట్టమే నలుగురిని పిలిచి కూర్చోబెడుతున్న విషయం కూడా ఇక్కడ చెప్పాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచినవారు నోటీసు ఇవ్వాలి. వివాహాధికారి దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటించాలి. 30 రోజులపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చట్టప్రకారం చెల్లే అభ్యంతరాలు కొన్నే. కానీ గోడమీది కాగితం ఇంటివాళ్ళకు, కులపెద్దలకు చేరడానికి 30 రోజులు అక్కరలేదు. 2021లో అలహాబాదు హైకోర్టు ఈ ప్రకటన జంట కోరితేనే చేయాలన్నది. కులాంతర, మతాంతర జంటలూ, స్వలింగ జంటలూ 2023లో ఒకే వైపు నిలబడిన చోటు ఇదే. ఆ నోటీసును కూడా నాటి పిటిషన్లు సవాలు చేశాయి.

7. మెజారిటీ మెచ్చితేనే హక్కా?

2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులు వివాహం ప్రాథమిక హక్కు కాదని ఏకగ్రీవంగా తేల్చారు. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉన్న చట్టాల కిందే పెళ్ళి చేసుకునే హక్కు ఉందన్నారు. పౌర బంధంగా గుర్తించాలన్న అభిప్రాయం ముగ్గురికి ఇద్దరుగా వీగిపోయింది. పునస్సమీక్షా పిటిషన్లను 2025 జనవరిలో కొట్టివేశారు. బంతి ఇప్పుడు పార్లమెంటు వైపు, అంటే ప్రజల వైపు ఉంది. కాబట్టి ప్రజాభిప్రాయ పరిశోధన ఇక మీద మరింత ముఖ్యం.

అందుకే దాని హద్దు కూడా చెప్పుకోవాలి. అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య వివాహాలను నిషేధించే చట్టాలను 1967 జూన్ 12న కోర్టు కొట్టివేసింది. మరుసటి ఏడాది గాలప్ అడిగితే అలాంటి వివాహాలను మెచ్చినవారు 20 శాతమే. 2021 నాటికి వారు 94 శాతం. ప్రజలు మెచ్చేదాకా ఆగి ఉంటే రెండు మూడు తరాల ప్రేమికులు జైళ్ళలో ఉండేవారు. హక్కు ముందు నడిచింది. అభిప్రాయం వెనక నడిచి వచ్చింది. 1936లో కుల నిర్మూలన ఉపన్యాసం రాసిన అంబేడ్కర్, కులాంతర వివాహమే కులానికి అసలు మందు అన్నాడు. ఆహ్వానించిన సంస్కర్తలే ఆ ఉపన్యాసాన్ని భరించలేక సభ రద్దు చేసుకున్నారు. నాడు ఓటు పెడితే అంబేడ్కర్ పక్షాన ఎందరుండేవారు?

ప్రజల పేరుతో పవిత్రత మాట్లాడేవారికి మన నేలే మరో జవాబు చెబుతుంది. ప్రకృతి విరుద్ధమైన పెళ్ళి మా ఊళ్ళో జరగదనే పాలమూరు పల్లెల్లో, దళిత బాలికలను దేవతకు పెళ్ళి చేసి జోగినిగా మార్చి ఊరిమీద వదిలేశారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం కావలసి వచ్చింది. ఆ పెళ్ళిళ్ళకు ఊరు ఒప్పుకుంది. నలుగురూ వచ్చి భోజనం చేశారు. నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాలను పుట్టు నేరస్తులుగా చూసి, వారిని రిజిస్టర్లలో నమోదు చేయించింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసేసరికి 2023 జూలై వచ్చింది. నలుగురి ఆమోదం న్యాయానికి కొలత అయితే ఈ రెండూ న్యాయాలే కావాలి.

8. రచయిత పని

ఈ మొత్తంలో రచయితకు ఏం సంబంధమని అడిగేవారికి కన్యాశుల్కాన్ని గుర్తు చేయాలి. 1897లో తొలి కూర్పుకు రాసిన ముందుమాటలో గురజాడ ఒక సర్వే వివరాలు చెప్పాడు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ళ కాలంలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో 99 మంది ఐదేళ్ళ పిల్లలు. నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. తెలుగులో గొప్ప నాటకం వెనుక ఒక లెక్కల పట్టిక ఉంది. అయితే గురజాడ ఆ పట్టికను నాటకంలో చదివించలేదు. బుచ్చమ్మను, మీనాక్షిని, మధురవాణిని రంగం మీదికి తెచ్చాడు. లెక్క అతనికి సత్యాన్ని ఇచ్చింది. నాటకం ఆ సత్యాన్ని జనం నోటికి ఎక్కించింది.

మనదగ్గర మరో పద్ధతికి కూడా నమూనా ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను ప్రశ్నావళితో కాక, ఓపికగా వినడంతో మాట్లాడించింది. ఉద్యమంలో పెళ్ళిళ్ళు ఎలా జరిగాయో, ఎవరు నిర్ణయించారో, ఆ నిర్ణయాలు స్త్రీలకు ఏం చేశాయో వాళ్ళే చెప్పారు. అంకె చెప్పలేనిది ఆ గొంతులు చెప్పాయి. మయామీ సంభాషణల వెనుక ఉన్నదీ ఇదే విద్య. తీర్పు చెప్పకుండా అడగడం, విన్నది గౌరవించడం.

కనుక నల్లగొండ, పాలమూరు రచయితల ముందు మూడు పనులున్నాయి. మొదటిది, "ప్రజలు ఒప్పుకోరు" అన్న ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వేయాలి: ఏ ప్రజలు, ఎవరు అడిగారు, ఏ వాకిట్లో, ఎవరి ఎదుట? రెండోది, ఈ విషయం అడగడానికి మన పలుకుబడిలో మాటలు తయారు చేయాలి. ఇంగ్లీషు ప్రశ్నావళి అనువాదం ఉన్నంతకాలం మనకు అందేది సగం జవాబే. మూడోది అన్నిటికంటే కష్టమైనది. మనసు మార్చుకున్న మనిషిని మన సాహిత్యం ఇంకా సరిగా రాయలేదు. చంపిన తండ్రి గురించి రాశాం, చచ్చిపోయిన కొడుకు గురించి రాశాం. కోపంతో తలుపు మూసి, ఆరునెలలు కుమిలి, ఒక రాత్రి లేచి తలుపు తీసిన తండ్రి గురించి రాయలేదు. అతను లేడని అనుకోవద్దు. ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. మిగతా ముగ్గురు ఏమంటారోనని ఆ సంగతి బయటికి చెప్పడం లేదు.